సంకల్పశుద్ధి

కర్మము వృక్షమువంటిది, సంకల్పము దాని వేరువంటిది. చూపఱులకు కొమ్మలును ఫలములును కానవచ్చును గాని వేరు కానరాదు. కానరానంత మాత్రమున వేరు లేదనువాడు వివేకి కాజాలడు. మనము చేయు పనియొక్క మంచిచెడ్డలు ఆ పనియందే యున్నవా, లేక దానిని పురికొల్పిన తలంపునందున్నవా? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన దిదియే. ఇది పండితుల వాదమునకు మాత్రము పనికివచ్చు ప్రశ్న కాదు. బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతములందు జరిగిన సంగతులను కొన్నింటిని పరిశీలించినచో, ఈ ప్రశ్నపైన వేలకొలది జనుల బ్రతుకులు నిలిచియుండెనని తేటపడగలదు.

మొదట సామాన్యమగు దృష్టాంత మొకటి. వర్షాకాలమున ఇద్దఱు రైతులు రాత్రివేళ పంటకాలువ గట్టునకు గండి కొట్టిరనుకొందము. గట్టంతయు తెగి ఊరు మునుగునను భయముచే ఒకడు నీటిని తన పొలములోనికే మళ్లించుకొనెను. పొరుగువాని పైరు కుళ్లవలెనని రెండవవాడు గండి కొట్టెను. పార యొక్కటే, గండి యొక్కటే. అయినను వీరిద్దఱును సమానులని ఏ గ్రామపెద్దయు తీర్పు చెప్పడు.

రాజశాసనమును ఈ భేదమును గుర్తించినది. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి, ప్రాణహాని యొక్కటే యైనను, చంపవలెనను ఉద్దేశముతో చేసినదానికి ఒక దండనమును, అజాగ్రత్తవలన సంభవించినదానికి వేఱొక దండనమును ఏర్పఱచినది. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఈ భేదమును విడువలేదు. మనస్సును విచారింపక మనుష్యుని శిక్షింపరాదనుట ధర్మశాసనములకు మూలసూత్రము.

ఇట్టి సూత్రము నెఱిగిన ప్రభుత్వమే 1871లో నేరస్థజాతుల చట్టమును చేసినది. ఒక కులమునందు పుట్టుటయే నేరమునకు సాక్ష్యమని ఆ చట్టముయొక్క భావము. 1911లో చేసిన క్రొత్త చట్టముతో అది మదరాసు రాజధానికిని వ్యాపించెను. ఎఱుకలవారు అంతకు పూర్వము ఎద్దులమీదను గాడిదలమీదను సముద్రతీరపు ఉప్పును లోపలి సీమలకు చేర్చి, ధాన్యము మార్చుకొని, బుట్టలల్లుకొని జీవించినవారు. ఉప్పుపై పన్నులును, రైలుబండియు వారి వర్తకమును హరించినవి. బ్రతుకుతెరువు పోయిన వారిని చట్టము దొంగలని పిలిచెను. వారిలో దొంగతనము చేసినవారు లేరని మేము చెప్పము. చేసినవానిని, చేయనివానిని, చేయుట యెఱుగని పసివానిని ఒక్కత్రాటనే కట్టుట న్యాయము కాదని మాత్రము చెప్పుచున్నాము.

బాపట్లకును చీరాలకును నడుమ స్టువర్టుపురమని యొక గ్రామము గలదు. మదరాసు గవర్నరు కార్యాలోచనసభలో సభ్యుడుగా నుండిన హెరాల్డ్ స్టువర్టు దొర పేరిట 1913లో ఆ సెటిల్మెంటు వెలసినది. దాని నిర్వహణము సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘమునకు ఒప్పగింపబడెను. అందు బడి పెట్టిరి, భూములిచ్చిరి, పనులు నేర్పిరి. అచ్చటి నివాసులు మాత్రము హాజరు పలుకవలెను. అనుమతిచీటి లేక పొలిమేర దాటరాదు. చీరాలలోని పొగాకు కర్మాగారమునకు ఆ సెటిల్మెంటునుండి కూలీలు పోవుచుండిరి.

'అచ్చట పనిచేసినవారి ఉద్దేశము మంచిదే గదా!' యని చదువరు లడుగవచ్చును. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. వారిలో కరుణ గలవారు నిశ్చయముగ నుండిరి. అయినను 'వీనిని బాగుచేయుదము' అను తలంపునందు రెండు వేర్లుండవచ్చును. వాడును నావంటి మనుష్యుడే గనుక వానికి కలిగిన కష్టము తీరవలెననునది యొకటి. వాడు నాకంటె తక్కువవాడు గనుక నా కనుసన్నల నుండవలెననునది రెండవది. రెండింటికిని పైకి వచ్చు కొమ్మ యొక్కటే. బడియు, భూమియు, పనియు. ఏ వేరు లోపల నున్నదో తెలిసికొనుట కొక్కటే గుఱుతు: ఎవరి మేలుకొఱకు ఆ పని చేయుచున్నామో, వారి మాట మన మడిగితిమా? కాపరి చీటి నిచ్చినగాని గడప దాటరాని వానికి మేలు జరుగుచున్నదని చెప్పువాడు కాపరియే గాని వాడు కాడు.

వెన్నెలకంటి రాఘవయ్యగారివంటి వారి పరిశ్రమయు తోడై, ఆ చట్టము మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. చట్టము పోయినను పేరు పోలేదు. 1970 దశకమున గోరాగారి కుమారుడు లవణముగారును, ఆయన సతీమణియు జాషువా మహాకవి కుమార్తెయు నగు హేమలతగారును అదే స్టువర్టుపురమునకు పోయిరి. వారి చేత చీటియు లేదు, తాళమును లేదు. పరిచయము, సంభాషణము, స్నేహము మాత్రమే వారి సాధనములు. దొంగతనమును విడువదలచినవారికి తోడు నిలిచిరి. పిల్లల చదువునకు పాటుపడిరి. తొలుత వచ్చినవారు దైవభక్తులు, పిదప వచ్చినవారు నాస్తికులు. సంకల్పమును తూచు త్రాసు మతము పేరు చూడదని దీనివలన మనము గ్రహింపవలెను.

రెండవ గుఱుతునకు ఆ బాపట్ల తాలూకాలోనే యుండిన పెదనందిపాడు ఫిర్కా సాక్ష్యము. 1921 కడపటను, 1922 మొదటను పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున అచ్చటి రైతులు ప్రభుత్వమునకు పన్ను చెల్లింప నిరాకరించిరి. ఇచ్చట చిక్కు గలదు. స్వరాజ్యముకొఱకు పన్ను మానినవాడును, పన్ను సొమ్ము మిగులునని మానినవాడును చేయుపని యొక్కటే. ఈ చిక్కు గాంధీమహాత్ముని కన్నులబడకపోలేదు. అహింస, ఖద్దరు, అస్పృశ్యతానివారణము మొదలగు నియమములు నెఱవేరినగాని పన్ను మానరాదని ఆయన ఆంధ్ర నాయకులకు తెలిపెను. పొరుగు మాలపల్లెను అంటరానిదానిగ నుంచి, దొరతనమును మాత్రము తొలగింపగోరువాని సంకల్పమున స్వాతంత్ర్యమెంత, స్వార్థమెంత యని ఆ నియమముల భావము. అయినను పెదనందిపాటివారిని మేము తక్కువచేయము. గ్రామోద్యోగులు తరతరములుగా వచ్చుచున్న ఉద్యోగములకు రాజీనామా లిచ్చిరి. రైతులు జప్తులకు వెఱవలేదు. లాభమును కోరినవాడు ఇంత నష్టమునకు ఒడిగట్టడు. 1922 ఫిబ్రవరిలో ఉద్యమము విరమింపబడెను, పన్నులు చెల్లింపబడెను. ఫలము చేతికి రాలేదు. అంతమాత్రమున ఆ త్యాగము వ్యర్థమనువాడు వేరును చూడక కొమ్మను మాత్రము లెక్కించువాడు.

ఈ నష్టపరీక్షనే తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) ఎదుర్కొనిరి. పురపాలకసంఘాధ్యక్షులుగా నుండి గంగానమ్మ కొలుపులలో జంతుబలిని మాన్పింపబూనినప్పుడు, ఓటిచ్చినవారి కోపమునకే వారు గుఱికావలసివచ్చెను. ఓట్లను మాత్రము కోరువాడు మేకల ప్రాణమునకై మనుష్యులతో కలహింపడు. పదవికొఱకు సంస్కారమును వాడుకొనువాడెవడో, సంస్కారముకొఱకు పదవిని వాడువాడెవడో పదవి కదలినప్పుడుగాని బయటపడదు.

ఇట్లనగా, 'తలంపు మంచిదైన చాలును, పని యెట్లయినను సరే' యని కొందఱు తృప్తిపడవచ్చును. ఇది గొప్ప పొరపాటు. 1977 నవంబరు 19వ తేదీన తుపానును ఉప్పెనయు దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల ప్రాంతములను గూడ కొట్టినవి. ప్రభుత్వపు లెక్కయే మృతులను సుమారు పదివేలుగా చూపినది. అంతకు మించి చనిపోయిరనువారు పలువురు. నాడు రాష్ట్రమంతట ప్రజలు కన్నీరు కార్చిరి, ధనవస్త్రములు కూడబెట్టి పంపిరి. ఆ కరుణను మేము కొనియాడుదుము. కాని ఆ కన్నీరు మృతులలో నొక్కనినైన లేపజాలదు. 1990 మే 9వ తేదీన అంత తీవ్రమైన తుపానే మఱల కృష్ణాముఖము కడ తీరము దాటినది. ఆఱు లక్షలకు పైబడిన జనమును ముందుగనే సురక్షిత స్థలములకు చేర్చిరి. మరణములు వేయికి లోపున నిలిచినవి. 1977లో కరుణ గాలి వెలిసిన పిదప బయలుదేరెను. 1990లో గాలికి ముందు నడచెను. కరుణ లేక ఆ పరిశ్రమ పుట్టదు. పరిశ్రమ లేని కరుణ ప్రాణము నిలుపదు. తన తలంపు మంచిదని నమ్మి, అది నెఱవేరుటకు కావలసినది నేర్చుకొననివాని తలంపు నిజముగ మంచిదేనా యని మా సందేహము. మేలు కోరువాడు మేలుచేయు మార్గమునుగూడ వెదకును. వెదకనివాడు తన మంచితనమును మాత్రమే ప్రేమించుచున్నాడు.

కావున చదువరులకు మా మనవి యిది. దానము, సంఘసేవ, సంస్కారము, పిల్లల శిక్షణము, ఇంటి పనివారితోడి వ్యవహారము, ఏదైన కానిండు, చేయబోవునప్పుడును చేసినపిదపను మూడు ప్రశ్నలు వేసికొందము. ఎవరికొఱకీ పని చేయుచున్నానో వారి మాట వింటినా? దీనివలన నాకు నష్టము కలిగినను చేయుదునా? ఇది ఫలించుటకు నేర్వవలసినది నేర్చితినా? ఈ ప్రశ్నలను పరులపై ప్రయోగించుట సులభము. అట్లు చేసినచో మఱల స్టువర్టుపురపు హాజరుపట్టీయే యగును. పరుల సంకల్పమును తీర్పు తీర్చుటకు పూర్వము వారి కథ వినవలెను. మన సంకల్పమును మాత్రము మనమే, దీపము పెట్టినవేళ ఒంటరిగ కూర్చుండి, కఠినముగ విచారించుకొనవలెను.