వడదెబ్బ: ఇంటివారి జాగ్రత్త, రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత

ఈ పాఠంలో వడదెబ్బను గురించి తెలుసుకుందాం. దానితోపాటు మనం సాధారణంగా అడగని ఒక ప్రశ్న కూడా చూద్దాం. వాతావరణం మారి ఎండలు ముదురుతున్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం చేయవలసిన పని ఏమిటి?

ఒక మే నెలలో మధ్యాహ్నం రెండు గంటల వేళ, నాపరాళ్ళ గనిలో పనిచేసే ఒకాయనను ఆటోలో తెచ్చారు. మెడ దాకా దుప్పటి కప్పి ఉంది. చొక్కా జేబులో ఉల్లిపాయ ఉంది. మనిషి ఏదేదో మాట్లాడుతున్నాడు, భార్యను గుర్తుపట్టడం లేదు. "పొద్దున సద్ది తాగి బాగానే పోయినాడు సిస్టరమ్మా, జ్వరమొచ్చిందని దుప్పటి కప్పినాము" అని ఆమె ఏడుస్తూ చెప్పింది. థర్మామీటరు పెడితే 106 డిగ్రీలు. దుప్పటి లాగేసి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి ఫ్యాను కింద పడుకోబెట్టి, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాము. ఆయన బ్రతికాడు. కానీ కిడ్నీలు దెబ్బతిని చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు. గనిలోనే, పడిపోయిన చోటనే, రెండు బిందెల నీళ్ళు పోసి ఉంటే ఇంత కష్టం వచ్చేది కాదేమో. ఉల్లిపాయ వలన హాని లేదు, మేలూ లేదు. దాన్ని వెతికేంత సేపు మాత్రం వృథా.

బైబిలులో షూనేమీయురాలి కుమారుని కథ మీలో చాలామందికి తెలుసు. పిల్లవాడు కోత కోసేవారి దగ్గర ఉన్న తండ్రి దగ్గరికి పోయాడు. తల నొప్పి అన్నాడు. తండ్రి వాణ్ణి తల్లి దగ్గరికి పంపించాడు. మధ్యాహ్నానికల్లా తల్లి ఒడిలోనే ప్రాణం పోయింది. అది వడదెబ్బే అని చాలామంది అనుకుంటారు. ఎలీషా ప్రవక్త వచ్చి పిల్లవాణ్ణి బ్రతికించాడు గానీ, ఇంటికి మోసుకుపోయేలోగా పోయిన సమయాన్ని గురించి నేను ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ఆలోచిస్తాను.

ఇది కేవలం జ్వరం కాదని ఎలా గుర్తించాలి? ఎండలో తిరిగిన మనిషికి ఒళ్ళు 104 డిగ్రీలు దాటి కాలుతూ, మాట తడబడినా, మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. చెమట పట్టవచ్చు, పట్టకపోవచ్చు. పారాసిటమాల్ మాత్ర ఈ వేడిని దించదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చల్లబరచండి, ఆ పని చేస్తూనే 108కి ఫోన్ చేయండి. కళ్ళు తిరగడం, వాంతులు, పిక్కలు పట్టేయడం మాత్రమే ఉండి మనిషి తెలివిలో ఉంటే నీడకు చేర్చి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు వేసి మిగతాది దాచిపెట్టడం మన దగ్గర బాగా అలవాటు. అలా కలిపితే ఉప్పు, చక్కెర పాళ్ళు తప్పుతాయి.

ఇక రెండో విషయానికి వద్దాం. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వేసవిలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. అయితే పెద్దవాళ్ళు "మా కాలంలో లేని ఎండలా?" అని కొట్టిపారేయడం సరికాదు. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగ వలన భూమి మొత్తం మీద సగటు వేడి నూట యాభై ఏళ్ళ కిందటి కంటే ఒక డిగ్రీకి పైగా పెరిగింది. 2024వ సంవత్సరం ఇంతవరకు లెక్కల్లో అన్నిటికంటే వేడి సంవత్సరం. సగటున ఒక డిగ్రీ అంటే చిన్నదిగా కనిపిస్తుంది. కాని దానితో వడగాడ్పుల రోజులు పెరుగుతాయి, రాత్రి కూడా ఒళ్ళు చల్లబడదు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని రోజంతా కూర్చునే నేతవారికి, చీనీ తోటల్లో, అరటి తోటల్లో పనిచేసే కూలీలకు ఆ భారం ముందుగా తెలుస్తుంది.

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. 2015లో విడిపోయిన మన రాష్ట్రంలోనే 1,369 మంది పోయారు. అప్పటిదాకా ఎండను తుఫాను, వరదల వంటి విపత్తుగా చాలామంది చూడలేదు. 2010 మే నెలలో గుజరాత్‌లోని అహ్మదాబాదులో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ జరిగాయి. ఆ నగరం 2013లో ఎండలకు ఒక ప్రణాళిక తయారు చేసుకుంది. ముందుగా హెచ్చరిక ఇవ్వడం, ఆస్పత్రుల్లో సిబ్బందికి శిక్షణ, తాగునీరు, పని వేళల మార్పు అందులో ఉన్నాయి. 2015 దెబ్బ తరువాత, 2016లో మన రాష్ట్రం కూడా అలాంటి ప్రణాళిక చేసుకుంది. ఇప్పుడు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాడ్పు వీస్తుందో ముందురోజే చెబుతోంది. 2016లో 723 మంది, 2017లో 236 మంది చనిపోయినట్టు, 2018లో పదిమంది కంటే తక్కువ అని లెక్కలు ఉన్నాయి. ఇది మంచి మార్పే. కానీ ఒక నర్సుగా నాకు ఒక సందేహం ఉంది. ఎండలో పడిపోయిన సంగతి ఇంటివారు చెప్పకపోతే, కాగితం మీద అది గుండెపోటుగానే మిగులుతుంది. 2015లో ప్రభుత్వం మృతుల కుటుంబాలకు లక్ష రూపాయలు ప్రకటించింది. అధికారులు విచారించి వడదెబ్బ అని నిర్ధారిస్తేనే అది అందుతుంది. కాబట్టి రోగిని తెచ్చినప్పుడు ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ పని చేస్తూ పడిపోయాడో డాక్టరుకు తప్పక చెప్పండి. లెక్కలో లేని మరణానికి ప్రభుత్వం ఏర్పాటు చేయదు.

కొందరు "వాతావరణం సంగతి ఢిల్లీ వాళ్ళది, అమెరికా వాళ్ళది" అంటారు. నిజమే, పొగలో పెద్ద వాటా పెద్ద దేశాలదే. కేంద్రం 2008లో జాతీయ ప్రణాళిక తెచ్చి, తరువాత ఒక్కో రాష్ట్రాన్నీ సొంత ప్రణాళిక చేసుకోమంది. ఎందుకంటే మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆస్పత్రులు, నీళ్ళు, వ్యవసాయం, పంచాయతీలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐసు, సెలైన్ ఉండాలన్నా, ఒంటిపూట బడులు పెట్టాలన్నా, చలివేంద్రం తెరవాలన్నా రాష్ట్రమే కదలాలి. పొగ విషయంలోనూ అంతే. ఎర్రగుంట్ల దగ్గర బొగ్గుతో నడిచే ఆర్టీపీపీ రాష్ట్ర సంస్థదే. మైలవరం మండలంలో ఎండతో కరెంటు తీసే సోలార్ పార్కూ మన కళ్ళముందే ఉంది. ఏది ఎంత పెరగాలన్న నిర్ణయంలో రాష్ట్రానికి మాట ఉంది.

పని వేళల దగ్గర మాత్రం మనం వెనుకబడి ఉన్నాము. ఉపాధి హామీ పనుల్లో వేసవిలో కొలత తగ్గించి కూలి తగ్గకుండా ఇచ్చే పద్ధతి ఒకప్పుడు మన రాష్ట్రంలో ఉండేది. మంచి పద్ధతి. గనుల్లో, ఇటుకబట్టీల్లో, ఇళ్ళ పనుల్లో కూలికి పోయేవారు మాత్రం మేస్త్రీ దయ మీదే ఆధారపడుతున్నారు. ఇంకొకటి ఇంటి కప్పు. మన తాతల మట్టిమిద్దెలు చల్లగా ఉండేవి. ఇప్పుడు రేకుల ఇళ్ళలో బాలింతలూ ముసలివారూ మగ్గిపోతున్నారు. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. మిద్దె మీద తెల్లని పూత వేస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మన ప్రభుత్వ గృహాలకు కూడా ఇది అడగదగిన విషయం. మార్చిలో గ్రామసభ జరిగితే నీళ్ళ తొట్టి, నీడ పందిరి, కూలీల పని వేళ గురించి అడగండి. మే నెలలో అడిగితే ఫలితం ఉండదు.

ఇంటికి పోయేముందు మీ రోగి మందుల చీటీ ఒకసారి నర్సుకు చూపండి. బీపీకి, గుండెకు ఇచ్చే నీరు పోయే మాత్రలు, మానసిక వ్యాధుల మందులు వాడేవారికి ఎండ త్వరగా తగులుతుంది. భయపడి మీ అంతట మీరు మానిపించకండి, మోతాదు సంగతి డాక్టరును అడగండి. కిడ్నీ, గుండె రోగులకు రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో కొలత చెప్పించుకోండి. ఉప్పు వేసిన మజ్జిగ అందరికీ సరిపడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో నీడన ఉంచండి. వడగాడ్పుల సమాచారానికి విపత్తుల సంస్థ ఫోన్ నంబరు 1070.