నైనవా కూలింది, నైనవా వారు మిగిలారు

దైవప్రవక్త ముహమ్మద్ (స) తాయిఫ్‌లో రాళ్ళ దెబ్బలు తిని, పాదాలు రక్తసిక్తమై, ఒక ద్రాక్షతోటలో నీడన కూర్చున్న ఘట్టం మనలో చాలామందికి తెలిసిందే. ఆ తోట యజమానులు ఉత్బా, షైబాలు ఆయనకు విరోధులు. అయినా ఆయన స్థితి చూసి జాలిపడి, అద్దాస్ అనే తమ క్రైస్తవ బానిస చేత పళ్ళెంలో ద్రాక్షపండ్లు పంపారు. ప్రవక్త (స) అల్లాహ్ పేరు పలికి తినబోయారు. ఈ ప్రాంతం వారి నోట ఇలాంటి మాట వినలేదే అని అద్దాస్ ఆశ్చర్యపోయాడు. అతని ఊరేమిటని ప్రవక్త (స) అడిగారు. నైనవా అని చెప్పాడు. అయితే పుణ్యపురుషుడైన యూనుస్ (అ) ఊరివాడివన్నమాట అని ఆయన ఆదరంగా పలికారు. ఆ పేరు విన్న అద్దాస్ కదిలిపోయి ఆయన శిరస్సును, చేతులను ముద్దాడాడని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క వేద్దాం. అస్సీరియా రాజధాని నైనవా శత్రువుల చేతిలో ధ్వంసమైనది క్రీ.పూ. 612లో. తాయిఫ్ సంఘటన క్రీ.శ. 620కి అటూ ఇటూ. మధ్యలో పన్నెండు వందల ఏళ్ళకు పైగా గడిచాయి. రాజు లేడు, సైన్యం లేదు, కోట లేదు. అయినా పరాయి దేశంలో బానిసగా ఉన్న ఒక మనిషి తనది నైనవా అని చెప్పుకోగలిగాడు. రాజ్యం పోయినా జనం ఎలా మిగిలారు? ఈ పాఠంలో మనం వెతికే జవాబు ఇదే.

కూలినది ఏమిటి?

క్రీ.పూ. 7వ శతాబ్దంలో అస్సీరియా ఈజిప్టు నుండి ఇరాన్ కొండల దాకా విస్తరించిన సామ్రాజ్యం. తిరగబడిన ప్రజలను ఊళ్ళకు ఊళ్ళుగా పెకలించి దూరప్రాంతాలకు తరలించడం దాని రాజనీతి. ఆ దౌర్జన్యానికి ప్రతిఫలం వచ్చింది. క్రీ.పూ. 614లో మీడులు అష్షూర్ నగరాన్ని కొల్లగొట్టారు. రెండేళ్ళకు మీడులు, బాబిలోనియనులు కలిసి నైనవాను తగలబెట్టారు. చివరి రాజు హర్రాన్‌కు పారిపోయి అక్కడ కొంతకాలం నిలబడ్డాడు. 609 నాటికి అదీ ముగిసింది. క్రీ.పూ. 401లో గ్రీకు సేనాని జెనోఫోన్ ఆ దారిన నడిచినప్పుడు, ఆ మహానగరాల శిథిలాలు ఎవరివో కూడా అతనికి సరిగా తెలియలేదు.

కానీ పల్లెలు ఖాళీ కాలేదు. రైతు తన పొలంలోనే ఉన్నాడు. అష్షూర్ పట్టణం పార్థియనుల కాలంలో మళ్ళీ లేచింది. క్రీ.శ. 3వ శతాబ్దం దాకా అక్కడి జనం తమ పాత దేవుడి పేరు కలిసిన పేర్లు పెట్టుకున్నారని శాసనాలు చూపుతున్నాయి. తరువాత ఆ ప్రాంతం క్రైస్తవాన్ని స్వీకరించింది. మధ్యలో అరామీయులు, ఇతరులు ఎందరో వారిలో కలిశారు. నేటి అస్సీరియన్లు ప్రాచీనులకు ఎంతవరకు సూటి వారసులన్న విషయంలో పండితుల మధ్య చర్చ ఉంది. వంశం మాట ఎలా ఉన్నా, ఆ నేల, దాని జ్ఞాపకం, దాని భాష చేతులు మారుతూ వచ్చాయన్నది స్పష్టం.

మిగిలినది ఏమిటి?

మొదటిది భాష. అస్సీరియా రాజులు తరలించిన ప్రజల్లో చాలామంది అరామిక్ మాట్లాడేవారు. వారితోపాటు ఆ భాష సామ్రాజ్యమంతా పాకింది. రాజభవనాల శిల్పాల్లో ఇద్దరు లేఖకులు పక్కపక్కన కనిపిస్తారు. ఒకడు పలక మీద అక్కాదీ భాష రాస్తుంటాడు, మరొకడు తోలు మీద అరామిక్ రాస్తుంటాడు. ఓడిన వారి భాషే చివరకు గెలిచిన వారి భాష అయింది. సామ్రాజ్యం పోయాక పారశీక చక్రవర్తులు దానితోనే పాలన సాగించారు. కాందహార్‌లో అశోకుడు వేయించిన ఒక శాసనం గ్రీకు, అరామిక్ భాషల్లో ఉంది. అరామిక్ లిపి నుండి నబతీయ లిపి, దాని నుండి అరబ్బీ లిపి వచ్చాయి. ప్రతి ఉదయం ఖుర్ఆన్ తెరిచినప్పుడు మనం చూసే అక్షరాలకు కూడా ఆ పాత లేఖకుల రాతతో చుట్టరికం ఉందన్నమాట.

రెండవది బడి. అరామిక్ భాషా రూపమైన సుర్యానీలో ఎడెస్సా నగరంలో గొప్ప విద్యాలయం నడిచేది. 489లో రోమన్ చక్రవర్తి దాన్ని మూయించాడు. గురువులు ఆగలేదు. సరిహద్దు దాటి నిసిబిస్‌లో చదువు కొనసాగించారు. ఆ బడికి 496లో రాసుకున్న నియమావళి నేటికీ లభిస్తోంది. గోడలు పోయినా గురువులు, శిష్యులు, పుస్తకాలు ఉంటే బడి ఎక్కడైనా మొలుస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఆ చదువుల పంట మనకూ అందింది. 765లో ఖలీఫా మన్సూర్ తన వైద్యం కోసం జుందీషాపూర్ నుండి సుర్యానీ క్రైస్తవ వైద్యుడు జుర్జీస్‌ను బగ్దాద్‌కు పిలిపించాడు. ఆయన వంశీయులైన బుఖ్తీషూ కుటుంబం తరతరాలు ఖలీఫాల ఆస్థాన వైద్యులుగా ఉంది. హునైన్ ఇబ్నె ఇస్‌హాక్ (మరణం 873) గాలెన్ వైద్య గ్రంథాలను గ్రీకు నుండి సుర్యానీలోకి, అరబ్బీలోకి తెచ్చాడు. గణిత శాస్త్రజ్ఞుడు సాబిత్ ఇబ్నె ఖుర్రా (మరణం 901) హర్రాన్ వాడు. అస్సీరియా చివరి రాజు తలదాచుకున్న ఊరే అది! అతని మాతృభాష సుర్యానీ. ఇస్లామీయ విజ్ఞాన యుగమని మనం గర్వంగా చెప్పుకునే కాలంలో వీరందరి శ్రమా ఉంది.

మూడవది జ్ఞాపకం. యూనుస్ (అ) జాతి వారు శిక్ష రాకముందే విశ్వసించి రక్షణ పొందారని దివ్య ఖుర్ఆన్ (10:98) తెలుపుతోంది. ఆ పశ్చాత్తాపాన్ని తలుచుకుంటూ సుర్యానీ సంప్రదాయ క్రైస్తవులు నేటికీ ఏటా మూడు రోజుల ఉపవాసం పాటిస్తారు. మన పొరుగునే ఉన్న కేరళ సుర్యానీ క్రైస్తవుల్లోనూ ఈ ఉపవాసం ఉంది.

మన వంతు పాఠం

ఈ కథలో చేదు కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 1915లో ఒట్టోమన్ రాజ్యంలో వీరిపై మారణకాండ జరిగింది. 1933లో ఇరాక్‌లోని సిమేలెలో సైన్యం వీరిని ఊచకోత కోసింది. 2014లో దాయిష్ ముఠా మన ధర్మం పేరు చెప్పుకుని మోసుల్, నైనవా మైదానంలోని క్రైస్తవులను ఇళ్ళ నుండి తరిమింది. అదే ముఠా ఆ ఏడాది జూలైలో నబీ యూనుస్ మస్జిద్‌నూ పేల్చివేసింది. దోచుకోవడానికి వారు దాని కింద తవ్విన సొరంగాల్లో, అస్సీరియా రాజు ఎసర్‌హద్దోన్ భవనం ఆనవాళ్ళు బయటపడ్డాయి. మోసుల్ విముక్తి పొందాక అక్కడి ముస్లిం యువకులు స్వచ్ఛందంగా చర్చిల్లో శిథిలాలు తొలగించారు. అద్దాస్ ఊరివారి పట్ల మన ప్రవక్త (స) చూపిన ఆదరణకు వారసులు ఆ యువకులే గాని, ఆ ముఠా కాదు.

దాతలైన సోదర సోదరీమణులారా! మనం విరాళం ఇచ్చేటప్పుడు కంటికి కనిపించే కట్టడం వైపే మనసు మొగ్గుతుంది. గోడ మీద తాతగారి పేరున్న రాయి చూస్తే తృప్తిగా ఉంటుంది. కట్టడాలూ కావాలి, కాదనడం లేదు. కానీ నైనవా గోడల్లాంటి గోడలు ఎవరు కట్టగలరు? అవీ నిలవలేదు. నిలిచినది తల్లి బిడ్డకు నేర్పిన మాట, గురువు శిష్యుడికి చెప్పిన పాఠం, నకలు రాసి దాచిన పుస్తకం. నెలనెలా ఒక ఉపాధ్యాయుడి జీతం, ఒక పేద విద్యార్థి ఫీజు, ఒక గ్రంథాలయానికి పుస్తకాలు అందించే దానానికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు. దాత పోయిన తరువాతా పుణ్యం తెచ్చిపెట్టే సదఖా జారియాలో ప్రయోజనకరమైన విద్య ఒకటని మన ప్రవక్త (స) బోధించారు. ఈ ఏడు మన విరాళంలో కొంత భాగం గోడలకు కాక చదువుకు రాసి ఇద్దాం. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక! ఆమీన్.