శోకం నుండి సృజనకు: 'అపు' కథ

శోకం శ్లోకంగా మారడం మన సాహిత్యానికి కొత్త విషయం కాదు. క్రౌంచపక్షి వియోగాన్ని చూసి చలించిన వాల్మీకి కథను తెలుగు తరగతిలో చదువుకున్నాం. ఉర్దూ విద్యార్థులకు మర్సియా సంప్రదాయం సుపరిచితమే. అయితే ఒక బాలుడు పెరిగి పెద్దవాడయ్యే క్రమంలో దుఃఖం అతనిని ఎట్లు తీర్చిదిద్దుతుందో, అది చివరకు కళగా ఎట్లు పరిణమిస్తుందో చూపడానికి నవలయే అనువైన ప్రక్రియ. ఇందుకు ఉత్తమోదాహరణలు విభూతిభూషణ్ బందోపాధ్యాయ (1894–1950) బెంగాలీలో రచించిన 'పథేర్ పాంచాలి' (1929), దానికి కొనసాగింపైన 'అపరాజితో' (1932).

రచయితకు ఈ వస్తువు గ్రంథాలలో దొరికినది కాదు. ఆయన పేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి పురాణ కథకుడు. 1917లో వివాహం కాగా, మరుసటి సంవత్సరమే భార్య గౌరీదేవి మరణించింది. భాగల్పూరు ప్రాంతంలో ఎస్టేటు ఉద్యోగం చేస్తూ ఆయన మొదటి నవలను వ్రాశాడు.

కథానాయకుడు అపు నిశ్చిందిపురమనే పల్లెలో పెరుగుతాడు. అక్క దుర్గ అతనికి తొలి స్నేహితురాలు, తొలి గురువు. అడవికాయలు, వెదురుపొదలు, వానచినుకులు ఆమె చేయి పట్టుకొనే అతడు తెలుసుకున్నాడు. రైలును చూడాలన్న కోరిక తీరకుండానే దుర్గ జ్వరంతో కన్నుమూస్తుంది. కొంతకాలానికి కుటుంబం ఊరు విడిచే వేళ, ఇల్లు సర్దుతుండగా అపుకు ఒక బంగారు కుంకుమ భరిణె దొరుకుతుంది. పొరుగింట దానిని దొంగిలించిందని దుర్గపై నింద పడింది. ఆ నింద నిజమేనని ఇప్పుడు తేలింది. అపు ఎవరికీ చెప్పక దానిని వెదురుపొదలోకి విసిరివేస్తాడు. ఇక్కడ రచయిత ఒక్క కన్నీటిబొట్టునూ వర్ణించలేదు. చనిపోయిన అక్క పరువును కాపాడిన ఆ చిన్న చేష్టతోనే బాలుడు పెద్దవాడైనాడు.

కాశీలో తండ్రి హరిహరుడు మరణించాక, తల్లి సర్వజయ ధనికుల ఇంట వంటమనిషిగా కుదిరి కుమారుని పోషిస్తుంది. అపు చదువులో రాణించి కలకత్తా చేరుకుంటాడు. చదువు అతనికి లోకాన్ని చూపింది. తల్లికి మాత్రం ఎదురుచూపును మిగిల్చింది. ఆమె మరణవార్త విన్న మొదటి క్షణంలో అపుకు కలిగినది దుఃఖం కాదు, ఏదో బంధం తెగినట్లు ఒక ఊరట. వెంటనే తన మనసును చూసి తానే భయపడతాడు. ఇంతటి కఠోరసత్యాన్ని దాచక చెప్పడానికి రచయితకు ఎంతో ధైర్యం కావాలి. ఇల్లు విడిచి హాస్టళ్ళలో చదువుకునే మన విద్యార్థులు ఈ ఘట్టాన్ని తప్పక చదవాలి.

తరువాత భార్య అపర్ణ కూడా ప్రసవ సమయంలో మరణిస్తుంది. అపు దేశదిమ్మరియై తిరుగుతాడు. అయినా అతని నవల పూర్తయి ప్రచురింపబడుతుంది. సత్యజిత్ రాయ్ 1959లో తీసిన 'అపుర్ సంసార్' చిత్రంలో అపు తన వ్రాతప్రతిని కొండపైనుండి విసిరివేస్తాడు. రెండూ గొప్ప కృతులే. కాని ఈ భేదం గమనింపదగినది. చిత్రంలోని అపు కళను వదలి, చివరకు తన కుమారునిలో జీవితాన్ని తిరిగి పొందాడు. నవలలోని అపు మాత్రం పోయినవారిని కళలోనే నిలుపుకున్నాడు.

ఇంతకూ కళ అపుకు ఏమిచ్చింది? దుర్గ తిరిగిరాలేదు. తల్లి ఎదురుచూపు తీరలేదు. కళ దుఃఖాన్ని తుడిచివేస్తుందనడం సరికాదు. అది దుఃఖానికి ఒక రూపాన్ని ఇస్తుంది. రూపం లేని దుఃఖం మనిషిని ముంచుతుంది. రూపం పొందిన దుఃఖం ఇతరుల దుఃఖాన్ని కూడా అర్థం చేసుకునే శక్తిని ప్రసాదిస్తుంది. రైలును చూడని ఒక పల్లెపిల్ల ఎన్నో భాషల పాఠకులకు అక్క కావడం ఈ శక్తివల్లనే.

విద్యార్థులు పరీక్షలకొరకే కాక, తమ జీవితాలకొరకు కూడా ఈ నవలలను చదువుదురు గాక. చదివిన పిమ్మట ఇంటికి ఒక ఉత్తరం వ్రాస్తే, పాఠం వంటబట్టినట్లే.