వివాహవ్యయము, మర్యాద

వివాహము వేఱు, వివాహోత్సవము వేఱు. ఈ రెంటిని విడదీసి చూడనంతకాలము వ్యయమునుగూర్చిన చర్చ తెగదు. పాణిగ్రహణమునకు, హోమమునకు, సప్తపదికి కావలసిన సంభారము లెవ్వి? కొంత నెయ్యి, సమిధలు, దర్భలు, అక్షతలు, పసుపుత్రాడు. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము సైతము, సప్తపది ఆచారముగా గలవారికి ఏడవ యడుగుతో వివాహము పూర్తియగునని చెప్పుచున్నదే కాని, విందునకు వచ్చినవారి సంఖ్య నడుగుట లేదు. పేదవాని కూతురికిని జమీందారుని కూతురికిని ఆ యడుగులు ఏడే.

తక్కిన వ్యయమంతయు ఎవరికొఱకు? చూచువారికొఱకు. నలుగురు ఏమనుకొందురో యను భయమే తండ్రిచేత ప్రామిసరీనోటుపై చేవ్రాలు చేయించుచున్నది.

పూర్వము అయిదుదినముల పెండ్లిండ్లు జరుగలేదా యని కొందఱందురు. జరిగినవి. కాని నాడు పందిటికి తాటాకులు ఊరివారు తెచ్చిరి. విస్తళ్లు ఇంటి స్త్రీలు కుట్టిరి. వంటకు బంధువులే నడుము కట్టిరి. చదివింపులను వ్రాసి యుంచుకొని, అవతలివారి యింట శుభకార్యమైనపుడు అంతకు తక్కువ కాకుండ చదివించెడివారు. అది యొకవిధమైన చేబదులు. నేడు అయిదుదినములు ఒక్కరాత్రికి తగ్గినవి. వ్యయము మాత్రము పెరిగినది. ఏలయన, చేతులతో జరిగిన పని యంతయు రొక్కముతో జరుగుచున్నది. మండపమునకు అద్దె, వంటకొక గుత్త, పూల యలంకారమున కొక గుత్త, ఛాయాచిత్రములకు వేఱొక గుత్త. ఇవి చాలవన్నట్లు ఉత్తరదేశపు సంగీత్, మెహందీ వేడుకలు కూడ మన యిండ్లకు వచ్చి చేరినవి.

ఇక శుల్కము. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు 1,034 శుల్కవివాహములు జరిగినట్లు విజయనగరము మహారాజావారు చేయించిన లెక్కను, గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన కన్యాశుల్క నాటకపు పీఠికలో తెలిపిరి. నాడు సొమ్ము వరునివైపునుండి కన్యతండ్రికి పోయెడిది. పిమ్మట ఇంగ్లీషుచదువును సర్కారుకొలువును వరునికి వెల తెచ్చినవి. సొమ్ము దిక్కు మార్చుకొన్నది. బేరమున నోరులేని వస్తువుగా నిలిచినది మాత్రము రెండు కాలములందును బాలికయే. 1914లో కలకత్తాలో స్నేహలత యను బాలిక, తన కట్నమునకై తండ్రి యిల్లు తాకట్టు పెట్టబోవుచున్నాడని యెఱిగి, అగ్నికి ఆహుతియైనది. వంగదేశము కొన్నాళ్లు గుండెలు బాదుకొన్నది, కట్నములు ఆగలేదు.

1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమే. అయినను, కోరకుండ ఇచ్చిన కానుకలను జాబితాలో వ్రాసినచో ఆ చట్టము అనుమతించును. విందువ్యయమునకు మితి పెట్టలేదు. కట్నము వద్దన్న వరుని తండ్రియే ‘పెండ్లి మాత్రము ఘనముగా చేయుడు’ అనుట చదువరు లెఱుగనిది కాదు. కట్నము వేషము మార్చినది, అంతియే.

మర్యాద మాఱదను వారికొక నిదర్శనము. భోగముమేళము లేనిది పెద్దింటి పెండ్లి కాదని ఒకప్పు డెంచెడివారు. 1893లో చెన్నపట్టణపు సంస్కర్తలు దానికి విరుద్ధముగా మహజరు పంపగా దొరతనమువారు త్రోసిపుచ్చిరి. కందుకూరి వీరేశలింగంపంతులుగారు ఆ యాచారమును తీవ్రముగా నిరసించిరి. క్రమముగా మేళము పెద్దల పెండ్లిపందిళ్లనుండి తొలగినది. (ఆ స్త్రీల బ్రతుకుదెరువునుగూర్చి సంస్కర్తలు తగినంత ఆలోచింపలేదనుటయు నిజమే.) దానితో ఎవరి మర్యాదయు పోలేదు.

పెండ్లివలన పదిమందికి పని దొరకునందురు. సత్యమే. అయితే సన్నాయివానికి, కుమ్మరికి, చాకలికి ఇచ్చినది ఏ కుటుంబమును ముంచలేదు. ముంచునవి బంగారము, మగపెండ్లివారి లాంఛనములు, ముఖపరిచయము లేని వేయిమందికి విందు.

మేము కోరునది యిది. లగ్నపత్రిక వ్రాయునాడే వ్యయపత్రికయు వ్రాయవలెను. పిలువవలసినవారిని రెండిండ్లవారును కూర్చుండి ఎంచి, వ్యయము చెఱిసగము భరింపవలెను. మిగిలిన సొమ్మును కన్యపేర, ఆమె చేవ్రాలు లేనిదే తీయరాని విధముగ, బ్యాంకులో వేయవలెను. ఆ కాగితములను ఆమె తానే చదువుకొని, తన చేతనే సంతకము చేయవలెను.