శాంటోరినీ వదిన

సమస్య

అక్కా,

మేం ముగ్గురం తోబుట్టువులం. నేను పెద్దదాన్ని, నా తర్వాత తమ్ముడు, అందరికంటే చిన్నది చెల్లె. అమ్మానాయినలు కల్వకుర్తిలో ఉంటారు. వాళ్ల పెళ్లయి 50 ఏళ్లు నిండాయని, ముగ్గురం తలా ఇంత వేసుకొని ఎక్కడికైనా తీసుకుపోదామనుకున్నాం. ఎక్కడికి పోదామని అడిగితే నాయిన ఒక్కటే మాట అన్నాడు: "నందికొండ పోదాం. లాంచెక్కి కొండ మీదికి పోయొద్దాం." మా తాత పాలమూరు నుంచి అక్కడి నాగార్జునసాగర్ డ్యాం పనికి పోయినోడు. నాయిన చిన్నతనమంతా అక్కడి గుడిసెల్లోనే గడిచింది. తాతకు సద్ది మోసిన ముచ్చట్లు వినీ వినీ మాకు కంఠతా వచ్చాయి. పని అయిపోయి ఊరికి తిరిగొచ్చాక మాత్రం ఆయన మళ్లీ అటు పోనే లేదు.

రూములు చూసే పని నేను నెత్తికెత్తుకున్నాను. అంతకుముందే మా ఆడపడుచు కూతురు అమెరికా నుంచి గ్రీసు పోయి, శాంటోరినీలో దిగిన ఫొటోలు పంపింది. తెల్లటి గోడలు, నీలం గుమ్మటాలు, కింద సముద్రం. అవి నా కళ్లల్లోంచి పోలేదు. ఫోన్‌లో వెతుకుతుంటే జలాశయం ఒడ్డున అచ్చం అట్లాంటి రిసార్టే కనపడింది. మంచం మీద నుంచే నీళ్లు, నీళ్ల నడుమ కొండ. పక్క ఫొటోలో డ్యాం గేట్లన్నీ తెరిచి ఉన్నాయి. మూడు రూములు, రెండు రాత్రులు, భోజనాలు, శుక్రవారం నాగార్జునకొండకు లాంచీ, అన్నీ కలిపి 52 వేలు. శని, ఆదివారాలైతే ఇంకా ఎక్కువన్నారు. గురువారం నుంచి శనివారం పొద్దుటిదాకా బుక్ చేసి మొత్తం డబ్బు నేనే కట్టాను.

పోయి చూస్తే గోడలకు తెల్లరంగు ఉన్నమాట నిజమే. అమ్మానాయినలకిచ్చిన గది కిటికీ తీస్తే జనరేటర్ షెడ్డు, దాని వెనక ముళ్లకంప. జలాశయం కనపడాలంటే డాబా మీదికి ఎక్కాలి, నాయిన మోకాళ్లతో అది అయ్యేది కాదు. ఏసీలోంచి నీళ్లు కారి మంచం తడుస్తుంటే పిలిచి చెప్పాం. పిల్లగాడొకడొచ్చి కింద బకెట్ పెట్టి పోయాడు. రాత్రంతా టప్ టప్. స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. మా తమ్ముడు ఆ బకెట్‌నూ పూల్‌నూ ఫొటోలు తీసి, "గ్రీసు దేశమునకు సుస్వాగతం" అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

శుక్రవారం పొద్దున నాయిన తెల్లపంచె కట్టుకొని, సంచిలో నీళ్ల సీసా పెట్టుకొని ఏడింటికే తయారై కూర్చున్నాడు. పదింటికి రిసెప్షన్‌లో అడిగితే "ఇవాళ మ్యూజియం సెలవు మేడం, లాంచీ ఉండదు" అన్నారు. ప్యాకేజీలో రాశారు కదా అంటే, అది హైదరాబాద్ ఆఫీసు వాళ్లు రాసిందన్నారు. శనివారం తమ్ముడికి డ్యూటీ ఉండె. పొద్దున్నే బయల్దేరాం. పోయేటప్పుడు బిల్లులో మళ్లీ సర్వీస్ చార్జి అని కొంత గుంజారు.

నాయిన ఒక్క మాట అనలేదు. దారిలో దేవరకొండ దాటినాక "కొండ అట్లనే ఉన్నదా, నీళ్లు ఎక్కినయా?" అని డ్రైవర్‌ను అడిగాడు, మమ్మల్ని కాదు. ఇప్పుడు తమ్ముడు తన వంతు డబ్బు ఇవ్వనంటున్నాడు. ఫొటోలు చూసి మోసపోయింది నువ్వు, మేం కాదు అంటాడు. మా మరదలు నన్ను "శాంటోరినీ వదిన" అని పిలుస్తోంది. నవ్వుతూనే అంటుంది కానీ నాకు గుచ్చుకుంటోంది. రిసార్టు మీద కేసు వెయ్యనా? డబ్బు వస్తుందా? ఇదంతా అయినాక నాయిన ముందర కూర్చోవాలంటేనే సిగ్గుగా ఉంది.

— పేరు వద్దు, వనస్థలిపురం

సలహా

చెల్లీ,

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. అది సులువైంది.

జలాశయం కనపడే గది అని చూపించి జనరేటర్ షెడ్డు చూపించడం, చెప్పినా ఏసీ బాగు చెయ్యకపోవడం, మ్యూజియం మూసి ఉండే రోజున లాంచీ ప్రయాణం అమ్మడం, ఇవి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి నేరుగా వస్తాయి. 2019లో చేసిన ఈ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవన్నది అక్కడ టీ అమ్మేవాళ్లకు కూడా తెలుసు. ఒడ్డున రిసార్టు పెట్టుకున్నవాళ్లకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? హైదరాబాద్ ఆఫీసు రాసిందన్న జవాబు కూడా చెల్లదు. డబ్బు తీసుకున్నది ఒకటే సంస్థ. సర్వీస్ చార్జి సంగతికొస్తే, దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. హోటళ్లవాళ్లు కోర్టుకెక్కితే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది.

డ్యాం గేట్లు తెరిచి లేవన్నది మాత్రం ఫిర్యాదులో రాయకు. ఉన్న 26 గేట్లూ ఎత్తేది పైనుంచి వరద దిగి, జలాశయం 590 అడుగులకు చేరువైనప్పుడే. అది కృష్ణమ్మ చేతిలో పని. ఇట్లాంటివి కలిపితే మిగతా గట్టి మాటలు కూడా పలచబడతాయి.

ఇక చెయ్యాల్సింది. రిసార్టుకూ, బుక్ చేసిన వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికీ మెయిల్ పెట్టు. ఏమి చూపించారు, ఏమి ఇచ్చారు, ఎంత తిరిగివ్వాలి, అంతే. కోపం వద్దు, కథ వద్దు. ఆ వెబ్‌సైటు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి, రూలు అట్లా ఉంది. తేల్చకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించు. చాలా కేసులు అక్కడే, కోర్టు గడప తొక్కకుండానే తెగిపోతాయి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. నందికొండ నల్లగొండ జిల్లాలో ఉంది కాబట్టి నల్లగొండకు తిరగాల్సి వస్తుందని భయపడకు. కొత్త చట్టం వచ్చాక నువ్వు ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, అంటే రంగారెడ్డిలో. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువుంది, కానీ నాన్చకు.

మొత్తం 52 వేలూ వెనక్కి వస్తాయని ఆశ పెట్టుకోవద్దు. రెండు రాత్రులు పడుకున్నారు, తిన్నారు. లాంచీ డబ్బు, గది తేడా, సర్వీస్ చార్జి, మీ ఇబ్బందికి కొంత, ఇవి అడగడం న్యాయం. మొత్తం అడిగితే ఎదుటివాడికి వాదించుకోవడానికి చోటిచ్చినట్టవుతుంది.

సాక్ష్యం ఏముందని అడుగుతారు కదా. బకెట్ ఫొటో, ఆకుపచ్చ పూల్ ఫొటో, తేదీ, టైముతో సహా మీ ఫ్యామిలీ గ్రూపులోనే ఉన్నాయి. నిన్ను ఏడిపించడానికి మీ తమ్ముడు పెట్టినవే నీ కేసుకు బలం. ఆ ఫొటోలు అతని ఫోన్ నుంచి నేరుగా తీసుకో, గ్రూపులో తిరిగి తిరిగి వచ్చినవి కాకుండా. అడిగేటప్పుడే వంతు మాట కూడా ఎత్తు: "వచ్చే డబ్బులో మూడో వంతు నీది, కాబట్టి పోయిన డబ్బులో మూడో వంతు కూడా నీదే." నా లెక్కలో అతను ఇవ్వాల్సిందే. ముగ్గురూ కలిసి అనుకున్న పనిలో నష్టం వస్తే, పని నెత్తినేసుకున్నవాళ్ల మీదనే రుద్దడం ఏ ఇంటి ధర్మం? అక్క కట్టింది కదా అని రూముల్లో పడుకొని, ఫొటోలు తీసి నవ్వినోడు వంతు దగ్గర మాత్రం తప్పుకుంటే ఎట్లా? చెల్లె తన వంతు ఇచ్చిందో లేదో నువ్వు రాయలేదు. ఇచ్చి ఉంటే ఆమె చేత చెప్పించు, తమ్ముడికి ఆ మాట ఇంకా తొందరగా ఎక్కుతుంది.

మరదలి మాటకు నేనైతే నవ్వేదాన్ని. ఆ బిరుదు బాగానే ఉంది కూడా. పైగా ఆ శాంటోరినీకి పోయినవాళ్లయినా పడుకున్న చోటి నుంచి ప్రశాంతంగా సముద్రం చూస్తున్నారనుకోకు. పదిహేను వేల పైచిలుకు జనం ఉండే దీవికి ఏడాదికి 30 లక్షలకు పైగా యాత్రికులు వచ్చి పడుతున్నారు. జనం తట్టుకోలేక, ఓడల్లో దిగేవాళ్ల సంఖ్యకు 2025 నుంచి రోజువారీ పరిమితి పెట్టుకున్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో భూప్రకంపనలకు వేలమంది దీవి వదిలి పోయారు. ఇంతకీ తెల్లగోడకు నీలం తగిలించడం మనకేం కొత్త? మా అమ్మ సంక్రాంతికి సున్నంలో ఇంత నీలిమందు కలిపి కొట్టించేది.

నువ్వు నిజంగా గ్రీసు వెతుక్కుంటే అది కొండ మీద దొరికేది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడి లోయలోనే ఉండేది, మూడో, నాలుగో శతాబ్దాల్లో. తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి. కోట ప్రాంతంలో బయటపడిన ఒక శిల్పంలో గడ్డం మనిషి చేతిలో తాగే కొమ్ము పట్టుకొని నిలబడి ఉంటాడు. గ్రీకుల మద్యదేవత డయోనిసస్ పోలిక అని పండితులు అన్నారు. డ్యాం నీళ్లు లోయను ముంచకముందే, 1954 నుంచి ఆరేళ్లపాటు పురావస్తు శాఖ వాళ్లు తవ్వి తీసి, కొన్ని కట్టడాలను కొండపైకీ, కొన్నిటిని అనుపు ఒడ్డుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. అప్పటికి మీ నాయినకు పదమూడు, పద్నాలుగేళ్లు ఉంటాయేమో.

ఇక్కడ నీతో ఒక మాట కటువుగానే అనాలి. ఆయన అడిగింది లాంచీ, కొండ. నువ్వు కొన్నది కిటికీ. లాంచీ ఆ బేరంలో కొసరుగా వచ్చింది, అందుకే అది ఏ రోజు నడుస్తుందో కనుక్కోవాలని నీకు తోచలేదు. రిసార్టు నిన్ను మోసం చేసింది, సరే. కానీ రేపు వాళ్లు పైసాతో సహా తిరిగి ఇచ్చినా మీ నాయినకు దక్కేది ఏమీ లేదు. కేసు ఒక దారి, ఆయన ప్రయాణం ఇంకో దారి. కేసు తేలేదాకా ప్రయాణం ఆపొద్దు.

శుక్రవారం లాంచీ లేదని తెలిశాక ఆ రోజంతా ఏం చేశారో నువ్వు రాయలేదు. గదుల్లోనే ఉన్నట్టున్నారు. పైలాన్ కాలనీ, హిల్ కాలనీ అక్కడే ఉన్నాయి కదా. గుడిసె ఎక్కడుండేది నాయినా, తాత ఏ వైపు పని చేసేవాడు, సద్ది ఏ దారిన మోసుకపోయేవాడివి అని ఒక్కరైనా అడిగారా? నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచి, ఇందిరాగాంధీ 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలేదాకా పన్నెండేళ్ల పని అది. అంత ఎత్తు కట్టను రాతితో కట్టారు. రాళ్లు చాలావరకు మనుషుల తలల మీదనే పైకెక్కాయి. ఆ తలల్లో మీ తాతదొకటి. అట్లాంటి మనిషి కొడుకును తీసుకుపోయి, ఏసీ కారుతోందని పోట్లాడుకుంటూ కూర్చున్నారు మీరు.

ఈసారి ఇట్లా చెయ్యి. రిసార్టు వద్దు. శుభ్రమైన లాడ్జి ఒక్క రాత్రికి చాలు. శుక్రవారం వద్దు. గేట్లు ఎత్తిన ఆదివారం అసలే వద్దు, హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉంటాయి, ముసలాయన్ను గంటలకొద్దీ కారులో కూర్చోబెట్టాల్సి వస్తుంది. చలికాలంలో మామూలు వారం చూసుకో. లాంచీలు నందికొండ వైపు నుంచీ, అవతల ఆంధ్రా ఒడ్డున విజయపురి సౌత్ నుంచీ ఉంటాయి. గాలి, నీటిమట్టం, వచ్చే జనం, వీటిని బట్టి మారుతుంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి లాంచీ స్టేషన్‌కే ఫోన్ చేసి కనుక్కో, మధ్యవాళ్లను నమ్మకు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక ఇక్కడ కూడా చాలాకాలం లాంచీలు ఆపేశారు. కాబట్టి లైఫ్ జాకెట్ వేసుకోమంటే మీ నాయిన మొండికేసినా ఒప్పించు.

పడవలో గంట దాకా పడుతుంది. దిగాక పైకి నడవాలి. ఆయన మోకాళ్లకు నెమ్మదిగా నడిచే టైము కావాలి, కాబట్టి అదే లాంచీ తిరిగి ఎన్నింటికి పోతుందో ఎక్కేముందే అడుగు. ఒకవేళ ఆ రోజు లాంచీ లేకపోతే వెనక్కి రావొద్దు. కారెక్కి అనుపు పోండి, రోడ్డు ఉంది. లోయలోంచి తెచ్చి నిలబెట్టిన మెట్లమెట్ల రంగస్థలం అక్కడ ఉంది. మెట్ల మీద కూర్చోవచ్చు, నీళ్లు ఎదురుగానే ఉంటాయి, దానికి ప్యాకేజీ అక్కర్లేదు. కొండకు మర్నాడు పోవచ్చు, ఒక్క రాత్రి ఎక్కువ ఉండేట్టు సెలవు పెట్టుకునే బయల్దేరండి.

నాయినతో మాట్లాడటానికి సిగ్గుపడుతున్నానన్నావు. పెద్ద ఉపన్యాసం ఏమీ వద్దు. కల్వకుర్తికి ఫోన్ చేసి, "నాయినా, ఫలానా బుధవారం కొండకు పోతున్నాం, తాత పని చేసిన జాగ చూపించాలె" అని చెప్పు. క్షమాపణ చెబితే ఆయన "అయ్యో బిడ్డా" అని నిన్ను ఓదారుస్తూ కూర్చుంటాడు, మళ్లీ మాట దారి తప్పుతుంది.

ఇక లాడ్జి చూసి, గదులు మాట్లాడి, అడ్వాన్సు కట్టే పని ఈసారి మీ మరదలికి అప్పగించు. గదిలో పంకా తిరగకపోతే ఆమెకు ఏ ఊరి పేరు పెట్టాలో మీరంతా కలిసి ఆలోచించుకోవచ్చు.