ప్రశ్నలు - జవాబులు: గద్వాల చీర గూగుల్‌లో ఎవరికి దొరకాలి?

ఈసారి జవాబు చెబుతున్న ఉత్తరాలన్నీ బీచుపల్లి బ్రిడ్జికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చాలామంది సొంతంగా వెబ్‌సైట్లు పెట్టుకున్నారు. వేరే భాషల వాళ్లకు, వేరే దేశాల వాళ్లకు అవి వెతికితే ఎలా కనబడతాయన్నదే ఇప్పుడు అందరి బెంగ. వీటిలో ఒక ఉత్తరం రాసిన అబ్బాయి డబ్బు కట్టేందుకు సిద్ధంగా ఉన్నాడు. అందుకే అతనికే ముందు, అందరికంటే ఎక్కువగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది గద్వాలలో నేత కుటుంబం. మా నాయిన మగ్గం నేస్తాడు. నేను డిగ్రీ చేసి, చీరలు అమ్మే వెబ్‌సైట్ పెట్టిన. ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి మా సైట్‌ను 20 భాషల్లోకి మార్చి, 50 దేశాల్లో గూగుల్ మొదటి పేజీలో పెడతామంటున్నారు. లక్షన్నర అడుగుతున్నారు, సగం ముందే ఇవ్వాలంట. కట్టొచ్చా సార్?

జవాబు: కట్టొద్దు తమ్ముడూ. మొదటి పేజీలో పెడతామని హామీ ఇవ్వగల ఏజెన్సీ ఎక్కడా లేదు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సలహాల్లో రాసిపెట్టింది. డబ్బు కడితే ప్రకటనలు పైన కనిపిస్తాయి, నిజమే. కానీ అది వేరే లెక్క, డబ్బు ఆపిన రోజే ప్రకటన కూడా ఆగుతుంది.

ఇక 20 భాషల సంగతి. ర్యాంకుల కోసమే గుట్టలు గుట్టలుగా పేజీలు తయారుచేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో మరింత స్పష్టంగా నిషేధించింది. యంత్రంతో అనువాదం చేయించి, ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరూ చదవకుండా ఎక్కించిన పేజీలు ఆ నిబంధన కిందికి వచ్చే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఇప్పుడు బాగానే కనిపిస్తున్న మీ తెలుగు, ఇంగ్లిష్ పేజీలు కూడా వెనక్కి పోవచ్చు. నాకు అంతకంటే పెద్ద భయం కొనేవాళ్ల గురించి. పుణెలో ఉన్న ఒకావిడ తప్పుల తడక మరాఠీలో మీ చీర గురించి చదివితే, ఆ సైట్‌కు ముందే డబ్బు పంపదు. మీ నాయిన రోజుల తరబడి కూర్చుని నేసిన చీరకు దొంగ సైట్ అన్న అనుమానం అంటుకుంటుంది.

ఆ లక్షన్నర అలాగే ఉంచి, పైసా ఖర్చు లేని పని మొదలుపెట్టు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్ నమోదు చేసుకో. ఎవరెవరు ఏ మాటలు టైపు చేస్తే మీ సైట్ కనిపించిందో, ఏ దేశం నుంచి వెతికారో అందులో వరుసగా ఉంటుంది. రెండు మూడు నెలలు గమనిస్తే మీకు 50 దేశాలు అక్కర్లేదని అర్థమవుతుంది. ఇప్పటికే ఎవరు మీ కోసం వెతుకుతున్నారో వాళ్ల భాషే మీ తర్వాతి భాష. గద్వాల వాళ్లకు అది కన్నడమో మరాఠీయో అయ్యే అవకాశం ఎక్కువ. రాయచూరు ఎంత దూరమో నీకు నేను చెప్పాలా?

గద్వాల పేరుకే వచ్చే ఒక చిక్కు ఉంది, దాని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. హిందీ, మరాఠీ వాళ్లు రాసేటప్పుడు మన 'ద' కాస్తా 'డ' అవుతుంది, కొందరి చేతిలో 'ఢ' అవుతుంది. 'గఢ్వాల్' అంటే ఉత్తరాఖండ్‌లోని హిమాలయ ప్రాంతం. వాళ్లకు అది బాగా తెలిసిన పేరు. ఆ మాట ఒక్కటే వెతికితే కొండలు, గుళ్లు, ట్రెక్కింగ్ దారులు వస్తాయి కానీ చీర రాదు. కాబట్టి హిందీ, మరాఠీ పేజీలో ఊరి పేరును ఎప్పుడూ ఒంటరిగా వదలకు. చీర, పట్టు అంచు, తెలంగాణ అన్న మాటలు శీర్షికలోనే దాని పక్కన ఉండాలి. ఆ భాషల వాళ్లు అలవాటుగా రాసే రూపాన్ని కూడా పేజీలో ఒకచోట సహజంగా వాడు. తమిళంలో చీరను 'పుడవై' అంటారు. తమిళ పేజీలో 'శారీ' అని తమిళ లిపిలో పెడితే, ఇంట్లో మాట్లాడే మాటతో వెతికే ఆమెకు మీరు కనబడరు. ఈ మాటలు ఏ నిఘంటువులోనూ వెతక్కు. మీ దగ్గర కొన్న కన్నడ, తమిళ, మరాఠీ వాళ్లతో వాట్సాప్‌లో మాట్లాడి, "మీరైతే గూగుల్‌లో ఏమని కొడతారు?" అని అడుగు.

పేజీలో ఏం రాయాలి? 'అత్యుత్తమ నాణ్యత, అతి తక్కువ ధర' అని రాయకు. ఆ మాట ప్రతి సైట్‌లోనూ ఉంది. మీ ఇంట్లో వాళ్లకు మాత్రమే తెలిసింది రాయి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఎలా కలుపుతారో, ఆ కలిసే చోటును వెనకవైపు తిప్పి చూస్తే ఏం కనబడుతుందో దగ్గరగా తీసిన ఫొటోతో పెట్టు. కుట్టు చీర అంటే ఏమిటో, కోటకొమ్ము అంచు అంటే ఏమిటో, మరమగ్గం నకలును ఎలా పట్టుకోవాలో చెప్పు. దూరదేశంలో కొనేవాళ్ల మొదటి భయం నకిలీ గురించే. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉందన్న సంగతి రాయి. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి వెళ్లే ఏరువాడ జోడు పంచెల గురించి ఒక పేజీ రాయి. వాటి గురించి వెతికే భక్తులు అన్ని భాషల్లోనూ ఉంటారు, ఆ నేతను కళ్లారా చూసినవాళ్లు రాసింది మాత్రం తక్కువ. ఆ ఒక్క పేజీని కన్నడంలోకి, తమిళంలోకి మనిషి చేత చక్కగా రాయించు. ఏజెన్సీ అడిగినదాంట్లో చిన్న భాగంతో ఆ పని అయిపోతుంది.

ఫలితం కనబడాలంటే కనీసం నాలుగు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఆలోపు అవసరానికి మగ్గం అమ్మే ఆలోచన మాత్రం చేయొద్దు.

ప్రశ్న: ఇటిక్యాలలో నాకు డీటీపీ సెంటర్ ఉంది. నేను చేసిన ఒక సైట్‌లో తెలుగు పేజీలు పదిహేను దాకా ఉన్నాయి. అందులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి వెతికినా గూగుల్ చూపించడం లేదు. ఇంగ్లిష్ పేజీలు మాత్రం వస్తున్నాయి. తెలుగును గూగుల్ పట్టించుకోదా?

జవాబు: బాగానే పట్టించుకుంటుంది. మీ పేజీలో ఉన్నది దానికి తెలుగుగా కనబడటం లేదు, అంతే. ఒక పని చేయండి. ఆ పేజీ నుంచి ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా వస్తే, మీరు పెళ్లి పత్రికలకు వాడే అను ఫాంట్లతోనే టైపు చేశారన్నమాట. ఆ ఫాంట్లు అక్షరాన్ని తెలుగులా చూపిస్తాయి, లోపల దాచేది మాత్రం వేరే గుర్తులు. కాగితం మీద అచ్చుకు ఏ ఇబ్బందీ లేదు. గూగుల్ చదివేది బొమ్మను కాదు, లోపలి గుర్తును. అసలు కాపీయే కాకపోతే మీరు పెట్టింది బొమ్మ. పేజ్‌మేకర్‌లో చేసి జేపెగ్‌గా ఎక్కించి ఉంటారు.

రెండింటికీ మందు ఒక్కటే, యూనికోడ్ తెలుగు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక వత్తులు, పొల్లులు ఒక్కొక్కటీ మనిషి చదివి దిద్దాలి. మన జిల్లాల్లో గుడి సైట్లు, బడి సైట్లు, చిన్న వ్యాపారాల సైట్లు ఎన్నో ఈ ఒక్క కారణంతో ఎవరికీ దొరక్కుండా ఉన్నాయి. మీలాంటి డీటీపీ వాళ్లు ఈ మార్పిడిని ఒక పనిగా పెట్టుకుంటే మీకూ ఆదాయం, తెలుగుకూ మేలు.

ప్రశ్న: వనపర్తి మాది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ చేసే పచ్చళ్లు, పొడులు అమెరికా, యూకే, దుబాయ్‌లో ఉన్న మనవాళ్లకు పంపడానికి సైట్ చేశాను. మూడు దేశాలకూ మూడు ఇంగ్లిష్ పేజీలు, వాటితో పాటు ఒక తెలుగు పేజీ ఉన్నాయి. వచ్చినవాళ్ల ఐపీ చూసి వాళ్ల దేశం పేజీకి ఆటోమేటిక్‌గా పంపుతున్నాను. లండన్‌లో వెతికితే అమెరికా పేజీ వస్తోంది. ఎక్కడ తప్పింది? తెలుగు పేజీని తీసేయాలా?

జవాబు: ఆ ఆటోమేటిక్ పంపకం ముందు తీసేయండి. గూగుల్ పేజీలు చదివే రోబో ఎక్కువగా అమెరికా ఐపీలతోనే వస్తుంది. అది ఏ తలుపు తట్టినా మీరు అమెరికా గదిలోకే తోస్తున్నారు, మిగతా పేజీలు దాని కంటికి కనబడనే లేదు. దాని బదులు పేజీ పైన దేశం మార్చుకునే లింకులు పెట్టండి. వచ్చినవాళ్లే ఎంచుకుంటారు.

తర్వాత హెచ్‌రెఫ్‌లాంగ్ చూడండి. 2011 నుంచి గూగుల్ వాడుతున్న గుర్తు అది. ఈ పేజీ ఫలానా భాషవాళ్లకు, ఫలానా దేశంవాళ్లకు అని చెబుతుంది. సాధారణంగా తప్పు రెండు చోట్ల జరుగుతుంది. బ్రిటన్‌కు దేశం కోడ్ 'యూకే' అని రాసేస్తారు. అది చెల్లదు, 'జీబీ' అని ఉండాలి. రెండోది, అమెరికా పేజీ బ్రిటన్ పేజీని చూపిస్తే, బ్రిటన్ పేజీ కూడా తిరిగి అమెరికా పేజీని చూపాలి. ఒకవైపే ఉంటే గూగుల్ ఆ గుర్తును వదిలేస్తుంది. ఈ మూడు దేశాల్లో దేనికీ చెందని వాళ్ల కోసం ఎక్స్-డిఫాల్ట్ అని ఒక పేజీ చూపించండి. అలాగే, మూడు పేజీలకూ కెనానికల్ ట్యాగ్‌లో అమెరికా పేజీ చిరునామాయే పెట్టి ఉంటే, అసలైనది అదొక్కటేనని మీరే చెప్పినట్టు అవుతుంది. ఏ పేజీకి దాని చిరునామానే పెట్టండి. సెర్చ్ కన్సోల్‌లో దేశం సెట్ చేసి ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆ సౌకర్యాన్ని గూగుల్ 2022లోనే తీసేసింది.

అయినా, ధర గుర్తు తప్ప మరే తేడా లేని మూడు పేజీలు ఎందుకని నన్నడిగితే, తేడా ఉండాలంటాను. బ్రిటన్ పేజీలో పౌండ్లలో ధర, అక్కడికి పంపగలిగిన పచ్చళ్ల పేర్లు, పార్సిల్ ఎన్ని రోజుల్లో చేరుతుందో రాయండి. అమెరికా పేజీలో కస్టమ్స్ సుంకం ఎవరు కడతారో మొదటి స్క్రీన్‌లోనే చెప్పండి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. పాత ధరలు చూసి ఆర్డర్ పెట్టిన అక్కయ్యకు ఇంటి గుమ్మంలో సుంకం బిల్లు వస్తే మళ్లీ మీ దగ్గర కొనదు. ఆహార పదార్థాలకు ప్రతి దేశానికీ వేరే నిబంధనలుంటాయి, కొరియర్ వాళ్లను అడిగి తేల్చుకున్నాకే పేజీ రాయండి.

తెలుగు పేజీని తీసేయాలా అని కూడా అడిగారు. వద్దు. అక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లిష్‌లోనే వెతుకుతారు. మనవల్ని చూసుకోవడానికి వెళ్లిన అమ్మలు, అత్తమ్మలు మాత్రం ఫోన్‌లో తెలుగులో మాట్లాడి వెతుకుతారు. పచ్చడి ఏది కొనాలో చెప్పేది వాళ్లే.

ప్రశ్న: కొల్లాపూర్ దగ్గర మాకు మామిడి తోటలున్నాయి. చైనా, జపాన్, కొరియా వాళ్లు కూడా గూగుల్‌లోనే వెతుకుతారా? ఆ భాషల్లో పేజీలు పెడితే ఎగుమతి ఆర్డర్లు వస్తాయా?

జవాబు: చైనాలో ఎక్కువగా బైదూ వాడతారు. గూగుల్ 2010లోనే చైనా ప్రధాన భూభాగంలో తన సెర్చ్ సేవను ఆపేసింది. రష్యాలో యాండెక్స్‌కు, కొరియాలో నేవర్‌కు పెద్ద వాడకం ఉంది. జపాన్‌లో యాహూ వాడేవాళ్లకు వచ్చే ఫలితాలు గూగుల్ సాంకేతికతతోనే వస్తాయి. అయితే పండ్ల ఎగుమతి ఆ దారిలో మొదలవదు. మన మామిడిని అమెరికా 2007లో రేడియేషన్ శుద్ధి షరతు మీదే అనుమతించింది. చాలా దేశాలకు ఇలాంటి షరతు ఏదో ఒకటి ఉంటుంది. ముందు కేంద్ర ప్రభుత్వ ఎగుమతి సంస్థ అపెడా దగ్గర తోట నమోదు, గుర్తింపు ఉన్న ప్యాక్‌హౌస్, ఆ తర్వాతే సైట్. అప్పుడు కూడా మంచి ఇంగ్లిష్ పేజీ ఒకటి చాలు, అందులో నమోదు సంఖ్య, రకం, కోత నెలలు, రోజుకు ఎన్ని టన్నులు ఇవ్వగలరో రాయండి. కొనే కంపెనీలు చూసేది వాటినే.

ప్రశ్న: బీచుపల్లి ఆంజనేయస్వామి గుడికి దగ్గర్లో హైవే మీద మాకు టిఫిన్ హోటల్ ఉంది. కర్ణాటక బండ్లు ఆగకుండా పోతున్నాయి. సైట్‌ను కన్నడంలో చేయించాలా?

జవాబు: మీకు సైట్ కంటే ముందు గూగుల్ మ్యాప్‌లో వ్యాపారం ప్రొఫైల్ కావాలమ్మా. బండి నడిపేవాళ్లు, పక్కన కూర్చున్నవాళ్లు దారిలో వెతికేది అక్కడే. పిన్ సరిగ్గా మీ హోటల్ ముందే ఉందో లేదో చూడండి. 44వ నంబర్ జాతీయ రహదారికి మధ్యలో డివైడర్ ఉంది కదా, పిన్ అవతలి పక్క పడితే బండి ఆగదు. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే వైపు ఉన్నారా, ఇటు వచ్చే వైపా, బ్రిడ్జికి ముందా తర్వాతా అన్నది వివరణలో తెలుగు, కన్నడం, ఇంగ్లిష్ మూడింటిలో ఒక్కో వాక్యం చొప్పున రాయండి. పొద్దున ఎన్నింటికి పొయ్యి వెలిగిస్తారో ఆ టైమే పెట్టండి.

హోటల్ పేరు పక్కన 'బెస్ట్ టిఫిన్ బీచుపల్లి' అంటూ మాటలు చేర్చమని ఎవరైనా చెబితే వినకండి. బోర్డు మీద ఉన్న పేరే పెట్టాలన్నది గూగుల్ నియమం, తప్పితే ప్రొఫైల్ ఆపేసే ప్రమాదం ఉంది. కన్నడంలో ఎవరైనా రివ్యూ రాస్తే కన్నడం వచ్చిన మనిషితో రెండు ముక్కలు కన్నడంలోనే జవాబు రాయించండి. తర్వాత వచ్చే కన్నడిగులు దాన్ని చదువుతారు. 2028లో కృష్ణా పుష్కరాలు ఉన్నాయి. 2016లో బీచుపల్లి ఘాట్‌కు ఎంతమంది వచ్చారో మీరు చూసే ఉంటారు. రద్దీ రోజుల్లో కొత్తగా పెట్టిన ప్రొఫైల్‌ను ఎవరూ నమ్మరు, రివ్యూలు ఇప్పటి నుంచే చేరుతూ ఉండాలి.

ప్రశ్న: సోమశిలలో మేము నలుగురు కుర్రాళ్లం కలిసి కృష్ణ ఒడ్డున గుడారాలు వేసి పర్యాటకులకు ఇస్తున్నాం. ఇంగ్లిష్‌లో వెతికితే నెల్లూరు సోమశిల డ్యామ్ వస్తోంది. ఫ్రెంచ్, జర్మన్ పేజీలు కూడా పెడదామనుకుంటున్నాం.

జవాబు: ఫ్రెంచ్, జర్మన్ ఇప్పుడు వద్దు. ముందు నెల్లూరు డ్యామ్ నుంచి మీ ఊరిని విడదీయండి. పేజీ శీర్షికలో, ఫొటోల పేర్లలో, మ్యాప్ ప్రొఫైల్ వివరణలో ప్రతిచోటా సోమశిల పక్కన కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా, కృష్ణా నది రాయండి. నెల్లూరుది పెన్నా నది, ఆ తేడా ఒక్కటే గూగుల్‌కు చాలా పని చేసిపెడుతుంది. సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ గురించి వెతికేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. లాంచీ ఏ నెలల్లో నడుస్తుంది, నీళ్లు తగ్గితే ఏమవుతుంది, ఆ రోజు ఎవరికి ఫోన్ చేసి కనుక్కోవాలి అని తెలుగులో, ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసి, నీటి మట్టం మారినప్పుడల్లా అందులో తేదీ వేసి మార్చండి. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో కూడా అందులో ఉండాలి.