పాత మాటతో వెతకండి

ప్రశ్న: పబ్లిక్ హెల్త్ పీజీ చేస్తున్నాను. అమెరికా నల్లజాతీయుల ఆరోగ్య చరిత్రపై ప్రాజెక్టు రాయాలి. ఇక్కడ కూర్చుంటే అసలు పత్రాలు దొరుకుతాయా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: చాలానే దొరుకుతాయమ్మా. ముందు ‘పబ్‌మెడ్ సెంట్రల్’ వెబ్‌సైటు తెరవండి. నల్లజాతి వైద్యులు 1895లో పెట్టుకున్న నేషనల్ మెడికల్ అసోసియేషన్ పత్రిక పాత సంచికలు 1909 నుంచీ అక్కడ ఉచితంగా చదవొచ్చు.

వెతకడంలోనే ఉంది చిక్కంతా. ‘ఆఫ్రికన్ అమెరికన్’ అని కొడితే పాత కాగితాలు పలకవు. ఆనాటి రికార్డుల్లో ‘నీగ్రో’, ‘కలర్డ్’ అనే ఉంటుంది. ఇవాళ అనకూడని మాటలే, కానీ తాళం తీసేవి అవే. జబ్బుల పేర్లూ అంతే: క్షయ కోసం ‘కన్సంప్షన్’ అనీ వెతకండి.

నల్లజాతి పురుషులపై జరిపిన టస్కీగీ సిఫిలిస్ ప్రయోగం (1932-72) కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్ అట్లాంటా కేంద్రంలో ఉన్నాయి. అవి అధికారులు రాసుకున్నవి. ప్రయోగానికి గురైనవారి గొంతు వాటిలో పెద్దగా వినిపించదు. వాటితో పాటు నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డుబాయిస్ 1906 నాటి ఆరోగ్య అధ్యయనం తప్పక చదవండి. మరణాలకు జాతి కాదు, బతుకు పరిస్థితులే కారణమని లెక్కలతో వాదించారాయన.

నల్లజాతి చరిత్ర పత్రాలు దాచే, హోవర్డ్ యూనివర్సిటీలోని మూర్‌ల్యాండ్-స్పింగార్న్ కేంద్రానికీ రాయండి. కేటలాగు చూసి, ఏ పెట్టెలో ఏ ఫోల్డరు కావాలో చెప్పండి. ‘ఏముంటే అది పంపండి’ అని మాత్రం రాయకండి.